జ్వరమని రాసిన చావు

బోయిగూడ, 1948 నవంబరు, శుక్రవారం

పోలీసు యాక్షన్ తర్వాత నిజాం ఫౌజులో నౌకరీ పోయిన మల్లయ్య ఇవాళ మా మరణాల రిజిస్టరు ఆఫీసుకు వచ్చాడు. అతనితోపాటే నౌకరీ పోయిన తమ్ముడు నిన్న ప్రాణం తీసుకున్నాడు.

"జ్వరమని రాయి సారూ. నలుగురికి తెలిస్తే అమ్మ తట్టుకోదు," అన్నాడు.

ఎవరికీ చెప్పనని మాటిచ్చి అలాగే రాశాను. ఈ నెలలో నేను రాసిన ఇలాంటి జ్వరాల్లో ఇది మూడోది. రిజిస్టరు చూసి ఆరోగ్యశాఖ పెద్ద డాక్టరు బోయిగూడకు మలేరియా మందు క్వినైన్ పంపిస్తాడు. అసలు జబ్బు ఆయనకెలా తెలుస్తుంది?

"నాకు సుత బతుకు మీద మనసు లేదు," అన్నాడు మల్లయ్య లేస్తూ.

భయమేసి ఇంటిదాకా వెంట వెళ్లాను. అతన్ని ఒంటరిగా వదలొద్దని వాళ్లమ్మకు చెప్పాను.

"ఒక్కన్ని పోగొట్టుకున్న. వీన్ని ఇడుస్తనా బిడ్డా?" అందామె.

రేపు డాక్టరుకు నిజం చెప్పాలి. పేర్లు లేకుండా చెబితే మాట తప్పినట్టు కాదేమో...