ఆరు వాన రోజులు

కావ్‌షుంగ్,
11 మార్చి 2019, సోమవారం.

గౌరవనీయురాలైన రుయ్‌పింగ్ అక్కకు,

పెయ్‌శ్వాన్ నమస్కరించి వ్రాయునది. రెండేళ్లు మౌనంగా ఉన్నదానికి క్షేమం అడిగే అర్హత లేదు. అయినా అడుగుతున్నాను, కుశలమేనా? బడిలో పాఠాలు చెబుతున్నారని విన్నాను.

శుక్రవారం మన పరిశోధక బృందం ముందు ప్రసంగించే వంతు నాది. అందుకోసం లోయలో రోజూ సీతాకోకచిలుకలను లెక్కించి రాసే రిజిస్టర్లు తిరగేశాను. ఎండ వేడెక్కితేనే సీతాకోకచిలుకలు లోయ విడిచి ఉత్తరానికి కదులుతాయన్నది ప్రొఫెసర్ యెన్ సిద్ధాంతం. గాలి దక్షిణం నుంచి తిరిగితే చలిలోనైనా కదులుతాయన్నారు మీరు. మీ రుజువు ఆరు చలి రోజులు. ఆ ఆరింటి పక్కనా ఆయన చేతివ్రాతలో "వాన" అని ఉంది. వాన రోజులను విశ్లేషణలో చేర్చకూడదన్నది మన నియమం. కానీ అక్కా, ఆ వరుసల్లోనే పద్నాలుగు వందలు, రెండు వేలు అని సంఖ్యలున్నాయి! అన్ని సీతాకోకచిలుకలు గొడుగులు పట్టుకుని ఎగిరాయా?

నిన్న ఆయన్నే నిలదీశాను. కోప్పడలేదు. టీ పోస్తూ, "ఇరవై ఏళ్లు ఆ లోయ నాకు ఒకే మాట చెప్పిందమ్మా. ఆరు రోజులు ఇంకో మాట చెబితే, వాతావరణమే ఏదో తేడా చేసిందనుకున్నా" అన్నారు. ఆయన అబద్ధమాడలేదు, మనస్ఫూర్తిగా నమ్మారు. అప్పటి నుంచి కుదురుగా కూర్చోలేకపోతున్నాను. మోసగాణ్ని వాదనలో ఓడించగలను. నమ్మినవాణ్ని ఎలా ఓడించాలి?

తోటి విద్యార్థి వెన్‌హావ్ ఎగతాళి చేస్తున్నాడు: "ఏం తల్లీ, నీ పట్టా మీద సంతకం పెట్టేది ప్రొఫెసరు గారా, సీతాకోకచిలుకా?" పెట్టకపోతే పెట్టకపోనీ. శుక్రవారం ఆ ఆరు రోజులనూ లెక్కలోకి తెస్తాను, మీ పేరుతోనే.

రెండేళ్ల కిందట మీరు ఈ వాదన వినిపించిన సమావేశంలో "వాన పడలేదని చూసినవారెవరో చెప్పండి" అని మిమ్మల్ని నోరెత్తనివ్వనిది నేనే. మర్నాడే మీరు చదువు మానేశారు. రిజిస్టరును నమ్మే అలా అన్నాను, అందరికీ అదే చెప్పుకుంటూ వచ్చాను. మీరు రావాలి. వచ్చి మొదటి వరుసలో కూర్చోవాలి.

మీ క్షమకు ఇంకా నోచుకోని,
పెయ్‌శ్వాన్

తా.క. పై ఉత్తరంలో ఒక అబద్ధం ఉంది. ఆ ఆరింటిలో ఒకటి ఆ ఏడాది ఫిబ్రవరి 23. లెక్కించినవారి పేరు రిజిస్టరులో ఉండదు కనుక మీకు తెలియదు. ఆ రోజు లోయలో నిలబడి పద్నాలుగు వందలు లెక్కించింది నేను. చుక్క వాన పడలేదు. అది తెలిసే ఆ సమావేశంలో లేచి మిమ్మల్ని అడిగాను. అందరూ చప్పట్లు కొట్టారు.