మిషనుకు హస్తవాసి

సిద్ధగోరా,
ఆగస్టు 2007.

చిరంజీవి దీపక్‌కు పెద్దక్క దీవెనలు. హాసినీ, నేనూ బాగున్నాం. మీ బావకు జ్వరం తగ్గిందా అని అడిగావు. ఆ సంగతి కింద రాస్తాను.

నిన్న పొద్దున్న దేవుడికి దీపం పెట్టి వచ్చేసరికి మీ బావ గేటు దగ్గర మందార కొమ్మలు కత్తిరిస్తున్నారు. పక్కింటి కస్తూరమ్మ పాలగిన్నెతో ఆగింది.

"అన్నయ్యగారూ, డిల్లీ ఆపరేషను ఏటయింది?"

"మా బావమరిది మిషను పాడైపోనాదట తల్లీ. మా ప్లాంటులో వెల్డింగు రోబో కూడా అంతే, పెద్ద సాబ్ వచ్చిన రోజే మొరాయించీది. నన్ను పిలిత్తే స్పానరట్టుకుని ఎల్దును," అని ఆవిడను నవ్వించారు.

లోపలికొచ్చి ఉప్మా కాస్త తిని, కడుపు పట్టుకుని పళ్లెం జరిపేశారు.

"ఫోన్ చేసి మీ తమ్ముణ్ణి తొందర పెట్టకే. మిషను చెడి ఆడెంత చిన్నబోయుంటాడో."

దీపక్, నీ మిషను చెడిపోలేదు. ఆయనకు జ్వరమూ రాలేదు. ఆయనతో మిషను చెడిందనీ, నీతో ఆయనకు జ్వరం, ఇప్పుడు రాలేమనీ చెప్పింది నేనే. పేగులో గడ్డ, ఆలస్యం వద్దక్కా అని నువ్వు చెప్పాక కూడా.

ఆపరేషనులో నువ్వు దూరంగా కూర్చుని, తెరలో చూస్తూ రోబో చేతులు నడుపుతానని రాశావు. నీది మంచి హస్తవాసి అని ఇక్కడ అందరికీ చెప్పుకున్నదాన్ని. నీ చెయ్యే ఆయన మీద పడకపోతే ఆ హస్తవాసి ఎలా అందుతుందని భయపడ్డాను. నిన్ను అడగడానికి సిగ్గేసింది. దేవుడి ముందు కూర్చుని అబద్ధం అల్లడానికి మాత్రం సిగ్గు వెయ్యలేదు.

సాయంత్రం ఇద్దరి ముందూ చెప్పేశాను.

"మమ్మీ, చలాతే తో మామాజీ హీ హై నా!" అంది హాసిని. నడిపేది మామయ్యేనట, ఆయన వేలు కదలందే అది కదలదట.

మీ బావ మాత్రం, "ఆణ్ణి నేను తిట్టుకోలేదు గాబట్టి సరిపోయింది. తిట్టుంటే ఏటయ్యేదే?" అన్నారు.

చివరికి ముగ్గురం ఒక మాట అనుకున్నాం. డేటు కోసం హాసిని నీకు ఫోన్ చేస్తుంది. దొరికిన బండికి బయల్దేరతాం. ఆపరేషను ఎలా చెయ్యాలో నీ ఇష్టం, నేను నోరెత్తను. నా అబద్ధాలు మాత్రం నేనే ఉత్తరంలో రాయాలన్నారు మీ బావ. ఫోన్‌లో అయితే నువ్వు వెంటనే "పర్లేదక్కా" అనేస్తావట.

ఇట్లు,
నీ ముందు తలెత్తలేని పెద్దక్క,
రమణి