పోయేవాళ్ల మంచాలు

ఆగస్టు 1983, శుక్రవారం

ఆసుపత్రి సలహా సంఘం మీటింగులో ఇవాళ పొద్దున డాక్టరుగారు, నయం కాని క్యాన్సరు రోగులకు నాలుగు మంచాలూ నొప్పి తగ్గించే మార్ఫిన్ ఇంజెక్షన్లూ కావాలని, వచ్చే బడ్జెట్‌లో నిధులు పెట్టమని అడిగారు.

"బతికేవాళ్లకే మంచాల్లేవు, పోయేవాళ్లకి రిజర్వేషనా?" అన్నాను.

అందరూ పగలబడి నవ్వారు. ఆ నవ్వుల్లోనే ప్రతిపాదన కొట్టేశారు.

సాయంత్రం అల్లిపురం వెళ్లి రాహేలును చూశాను. బడిలో నాతోపాటు పాఠాలు చెప్పిన మనిషి. కడుపులో క్యాన్సరు. ఇక చేసేదేమీ లేదని ఆసుపత్రివాళ్లు ఇంటికి పంపేశారు. నొప్పికి మోకాళ్లు ముడుచుకుని పడుకుంది.

"వచ్చావా వదినా? ఏదైనా నవ్వొచ్చే మాట సెప్పు. నువ్వు మాటాడతంటే నొప్పి తెలీదు."

ఇవాళ నా దగ్గరున్న జోకు అదొక్కటే. ఊరికే తల నిమురుతూ కూర్చున్నాను.

"ఏటొదినా, ఇయాల నోరు పడిపోనాదేటి?"

పొద్దున్నే పడిపోయి ఉంటే బాగుండేది.