కెజియాను దింపడానికి ఆరుగురు

ఎల్మ్‌బ్రూక్, వెర్మాంట్
1884 మార్చి 3

విల్లో రేవు వాస్తవ్యులు అబ్నేర్ స్టోక్లీ గారికి,

ప్రభువు నామమున వందనాలు. నా పేరు డోర్కస్ విట్‌కమ్. భర్త పోయిన మనిషిని. సంఘాల పత్రికలో "పడమటి సీమలో పశువుల మంద గల విశ్వాసికి దైవభక్తి గల వధువు కావలెను" అన్న మీ ప్రకటన చదివాను. చనిపోయిన మా అన్నయ్య కూతురు కెజియా తరఫున రాస్తున్నాను. రాయమని అది అడగలేదు. వద్దని కూడా అనలేదు. మా వంశంలో దీన్నే ఒప్పుకోవడం అంటాం.

కాగితం నిండిపోయింది. మిగతాది రెండో కాగితం మీద రాస్తున్నాను.

కెజియా బాస్టన్‌లో పుట్టింది. ఇరవై తొమ్మిదేళ్ళు. పదేళ్ళుగా నా దగ్గరే ఉంది. గొంతు అమోఘం. కీర్తన ఎత్తుకుంటే మా మందిరం కిటికీ అద్దాలు గలగలమంటాయి. ఐదడుగుల తొమ్మిదంగుళాల ఎత్తు. ఇన్నాళ్ళూ ఎవరూ తీసుకెళ్ళకపోవడానికి కారణం ఆ ఎత్తొక్కటే. వచ్చినవాళ్ళు కిందినుంచి పైదాకా చూసి, ఇంత ఎత్తు మా ఇంట్లో ఎక్కడ పడుతుందన్నట్టు మొహం పెట్టి పోతారు. మీ సీమ విశాలమని విన్నాను.

ఇట్లు,
ప్రభువునందు మీ సహోదరి,
డోర్కస్ విట్‌కమ్

తా.క. పళ్ళ డాక్టరు ఒకాయన రెండేళ్ళు మా ఇంటికి వచ్చి చూసి చూసి, చివరికి ఇంకెక్కడో పొట్టిదాన్ని చూసుకున్నాడు. ఎవరో చెప్పడం కంటే నేనే చెప్పడం మర్యాద.

*

విల్లో రేవు, మొంటానా
మార్చి 24

గౌరవనీయులైన విట్‌కమ్ అమ్మగారికి,

విల్లో రేవు సంఘ పెద్ద అబ్నేర్ స్టోక్లీ వందనాలతో రాసేది. మీ ఉత్తరం సగం అందింది. తపాలా సంచి నదిలో పడి, మొదటి కాగితం మీద సిరా అంతా కడుక్కుపోయింది. దేవుని దయవల్ల రెండోది బాగానే ఉంది. అసలు సంగతులన్నీ దాంట్లోనే ఉన్నాయి కాబట్టి ఇబ్బంది లేదు.

మా ప్రకటనకి జవాబు రాసినవారు మీరొక్కరే. చదివి వినిపిస్తే సంఘమంతా లేచి స్తోత్రం చెప్పింది. బాస్టన్‌ది అంటే మంచి రకమే. మీరు పేరు పెట్టి పిలుచుకోవడం కూడా మాకు నచ్చింది. ఒంటరిగా ఉండేవాళ్ళకి అది మామూలే. నా కంచరగాడిదని నేను బెంజమిన్ అంటాను.

కొన్ని సంగతులు తెలియాలి. వెడల్పు ఎంత? దింపడానికి నలుగురు చాలా, ఆరుగురు కావాలా? పళ్ళన్నీ ఉన్నాయా? ఒకటీ అరా ఊడినా బెంగలేదు, చెక్కతో చేసి నేనే అతికిస్తాను. ఎలుకల బాధ ఉందా? కాళ్ళు గట్టివేనా?

ఇక్కడి చలి గురించి దిగులు పడకండి. పొయ్యికి మరీ దగ్గరా కాకుండా, మరీ దూరమూ కాకుండా ఒక మూల సిద్ధం చేస్తున్నాను. తడి తగలకుండా అక్కడ నేల రెండంగుళాలు ఎత్తు చేశాను. కప్పడానికి గొర్రెతోలు దుప్పటి కుడుతున్నాను. అంత దూరం నుంచి వచ్చేది కదా, కొత్త గాలికి అలవాటు పడేదాకా మొదటి వారం ఎవరూ చెయ్యి వెయ్యొద్దని సంఘానికి గట్టిగా చెప్పాను.

ఇట్లు,
విధేయుడు,
అబ్నేర్ స్టోక్లీ

తా.క. మా పాత నిలువెత్తు హార్మోనియం వరదలో కొట్టుకుపోయినప్పటి నుంచి మా పాటలు ఎవరి దారిన వాళ్ళవి. కెజియా వస్తే ఆ లోటు తీరుతుంది.

*

ఎల్మ్‌బ్రూక్
ఏప్రిల్ 10

స్టోక్లీ గారికి,

వందనాలు. మీ ఉత్తరం చదువుతూ మూడుసార్లు కళ్ళజోడు తుడుచుకున్నాను. పశువుల మధ్య బతికే మనిషి, అడగడం చేతకాదు అని సర్దుకున్నాను.

పళ్ళు ముప్పై రెండూ ఉన్నాయి. ముత్యాల్లా ఉన్నాయి. చెక్కపళ్ళ మాట ఇంకెప్పుడూ ఎత్తకండి. కెజియా ఉన్నచోట ఎలుక నిలవదు. కాళ్ళ గురించి మర్యాదస్తులు అడగరు. ఉన్నాయి. రెండూ ఉన్నాయి. వెడల్పు చెప్పను.

అయితే పొయ్యి పక్క మూల సంగతి చదివాక నా కోపం సగం తగ్గింది. మా ఆయన ముప్పై ఏళ్ళ కాపురంలో నాకోసం నేల ఎత్తు చేసిన పాపాన పోలేదు. మొదటి వారం చెయ్యి వెయ్యనన్న మీ మర్యాదా నచ్చింది. కానీ ఆ మాట సంఘానికి చెప్పడమెందుకు? వాళ్ళెందుకు వేస్తారు?

ఇట్లు,
డోర్కస్ విట్‌కమ్

తా.క. అక్కడ దాని రోజువారీ జీవితం ఎలా ఉంటుందో దాచకుండా రాయండి. మీ జవాబు తృప్తిగా ఉంటే మే 24 శనివారం కోచ్ బండికి మీ ఊరు చేరుతుంది.

*

విల్లో రేవు
ఏప్రిల్ 28

విట్‌కమ్ అమ్మగారికి,

వందనాలు. ముప్పై రెండే అని తెలిసి సంఘం కొంచెం నీరసపడింది. మామూలుగా అరవై ఒకటి ఉంటాయి కదా. అయినా ఉదారంగా ఇచ్చేదాన్ని లెక్కపెట్టడం తప్పని పాస్టరు గారు అన్నారు. కాళ్ళు రెండే మిగిలాయంటే వెనకవి విరిగిపోయి ఉంటాయి. ఓక్ కర్రతో ఇంకో రెండు చేసి ఉంచాను.

ఎవరు చెయ్యి వేస్తారని అడిగారు. ముఖ్యంగా పాస్టరమ్మ గారు. ఆదివారం పొద్దునా సాయంత్రం ఆవిడే వాయిస్తారు. బుధవారం ప్రార్థనకి ఆవిడ రాలేకపోతే నేను వాయిస్తాను, నాకంత బాగా రాదు. పెళ్ళిళ్ళకీ చావులకీ ఎలాగూ తప్పదు. చేతులతో వాయిస్తూనే కాళ్ళతో తొక్కుతూ ఉండాలి కదా, లేకపోతే గొంతు పైకి రాదు. మిగతా రోజులు దుప్పటి కప్పి తాళం వేస్తాం.

24న ఆరుగురితో, తాళ్ళతో కోచ్ దగ్గరుంటాను.

ఇట్లు,
అబ్నేర్ స్టోక్లీ

తా.క. మందిరం తలుపు కొలిచాను. నిలబెట్టి పట్టకపోతే అడ్డంగా పడుకోబెట్టి లోపలికి తోస్తాం. గీత కూడా పడదు.

*

ఎల్మ్‌బ్రూక్
మే 14

అబ్నేర్ స్టోక్లీ!

వందనాలు లేవు. మా పిల్లని వాయిస్తారా? తొక్కుతారా? అదీ పాస్టరమ్మా? అదీ ఆదివారం పూటా? మీ ఊళ్ళో బైబిలు ఏ పేజీ నుంచి చదువుతారు?

నేను పంపనని తేల్చేశాను. కెజియా నా చేతిలోంచి మీ ఉత్తరాలు రెండూ లాక్కుని, పాత పత్రిక కూడా వెతికి పట్టుకుని తన గదిలోకి పోయింది. అరగంట సేపు లోపలినుంచి నవ్వే నవ్వు. బయటికొచ్చి "అత్తా, నా పెట్టె సర్దు, వెళ్తున్నాను" అంది. "నిన్ను తొక్కుతారటే!" అన్నాను. "తొక్కనీ" అంది. పిల్లకి మతిపోయింది. ఆపలేకపోయాను. ఈ ఉత్తరం అది ఎక్కిన బండిలోనే వస్తుంది.

దాని ఒంటిమీద ఒక్క దెబ్బ కనిపించినా నేనే వస్తాను. నాకూ కాళ్ళున్నాయి. తొక్కడం నాకూ వచ్చు.

డోర్కస్ విట్‌కమ్

తా.క. అరవై ఒక్క పళ్ళు ఏ ఆడమనిషికి ఉంటాయండీ? మీరు ఆడవాళ్ళని చూసి ఎన్నేళ్ళయింది?

*

విల్లో రేవు
మే 26

అమ్మగారికి,

మీ కాళ్ళమీద పడ్డాననుకుని ఇది చదవండి.

శనివారం ఆరుగురం తాళ్ళు, పలకలు, గొర్రెతోలు దుప్పటి పట్టుకుని నిలబడ్డాం. కోచ్ ఆగింది. పొడుగాటి ఆవిడ తల వంచి దిగుతోంది. "అమ్మా, కాస్త పక్కకి జరగండి, లోపల కెజియా ఉంది, దింపాలి" అన్నాను.

"నేనే కెజియాని" అందావిడ. తాళ్ళ వంక చూసింది. "ఆరుగురేనా? వెడల్పు చెప్పలేదు కదా, ధైర్యమే మీకు."

ఎవరి చేతిలోని పలకో నా పాదం మీద పడింది. నొప్పి కూడా తెలియలేదు. బండివాడు తపాలా సంచిలోంచి మీ ఉత్తరం తీసి నాకిచ్చాడు. అక్కడే నిలబడి చదివాను. అందులో ప్రతి తిట్టూ నాకు తగినదే.

అమ్మగారూ, మేము అడిగింది కాళ్ళతో తొక్కి వాయించే హార్మోనియం. దాని మెట్లనే మేము పళ్ళంటాం. పెళ్ళి ప్రకటన నాది కాదు. నలభై ఏళ్ళొచ్చినా అలాంటి ప్రకటన ఇచ్చే గుండె నాకు లేదు. పాస్టరమ్మ గారు కెజియా గారి రెండు చేతులూ పట్టుకుని "తల్లీ, ఈ జన్మలో మా ఆయన్ని తప్ప నేనెవర్నీ వాయించి ఎరగను" అని ఏడ్చేశారు. పాస్టరు గారు దగ్గుతూ పక్కకి వెళ్ళిపోయారు. కెజియా గారు ఇప్పుడు వాళ్ళింట్లోనే ఉన్నారు. మర్యాదకి ఏ లోటూ రానివ్వం. ప్రతి శనివారం కోచ్ ఉంది. ఎప్పుడు వెళ్తానంటే అప్పుడు రైలు దాకా నేనే తోడు వెళ్ళి ఎక్కిస్తాను.

క్షమించమని అడిగే మొహం కూడా లేని,
అబ్నేర్ స్టోక్లీ

తా.క. నిన్న ఆరాధనలో ఆవిడ పాడారు. బెంజమిన్ తాడు తెంపుకుని వచ్చి మందిరం గుమ్మంలో నిలబడింది. ఆవిడ వెళ్ళిపోతారేమోనని ఇద్దరికి దిగులుగా ఉంది. అందులో ఒకటి గాడిద.

*

ఎల్మ్‌బ్రూక్
జూన్ 12

అబ్నేర్ గారికి,

వందనాలు, మూడు ఉత్తరాలకి సరిపడా. మా పాస్టరు గారింట్లో ఆ పత్రిక ఇంకో ప్రతి చూశాను. పైన పెళ్ళి ప్రకటన. దాని కింద సన్నని గీత. గీత కింద సన్న అక్షరాల్లో హార్మోనియం కావాలన్న ప్రకటన, ఆ కింద మీ పేరు. నాకు ఆ గీత కనబడలేదు. తప్పు నాదీ, నా కళ్ళజోడుదీ.

మిమ్మల్ని అన్న మాటలు తలుచుకుంటే అన్నం దిగడం లేదు. దానికంటే ఎక్కువ బాధ కెజియా గురించి. ఇక్కడ అందరూ వద్దన్నారు. అక్కడికి వెళితే అసలు అడగనే లేదని తేలింది. పిల్ల పైకి నవ్వుతుంది కానీ లోపల ఏమవుతోందో నాకు తెలుసు. జాగ్రత్తగా పంపించేయండి. దాని గది అలాగే ఉంచాను.

ఇట్లు,
తలెత్తుకోలేని,
డోర్కస్

తా.క. పై ప్రకటన ఇచ్చిన పెద్దమనిషికి అరవై రెండేళ్ళనీ, తొమ్మిదిమంది పిల్లలనీ ఇప్పుడు చదివాను. కళ్ళజోడు మీద కోపం కాస్త తగ్గింది.

*

విల్లో రేవు
జులై 8

పూజ్యులైన అత్తయ్య గారికి,

వందనాలు. ఆ పిలుపు చూసి కళ్ళజోడు తుడుచుకోకండి, సరిగ్గానే చదివారు. మొన్న ఆదివారం పాస్టరు గారు మాకు పెళ్ళి చేశారు.

జరిగింది ఇదీ. ప్రతి శనివారం కెజియా పెట్టె మోసుకుని కోచ్ దగ్గరికి వెళ్ళేవాణ్ణి. ఒక వారం "గాలి ఎక్కువగా ఉంది" అంది. ఒక వారం "నది పొంగుతోంది" అంది. ఇంకో వారం బండివాడి మీసం నచ్చలేదంది. ఐదో శనివారం గాలి లేదు, నది తగ్గింది, బండివాడు మీసం తీసేసి వచ్చాడు. ఇక వెళ్ళిపోతుందనుకున్నాను. టోపీ తీసి చేత్తో నలుపుతూ "పొరపాటున వచ్చారని జాలిపడి అడుగుతున్నానని మాత్రం అనుకోకండి" అని మొదలుపెట్టాను.

"పొరపాటున వచ్చిందెవరు?" అంది. సంచిలోంచి మడత పెట్టిన పత్రిక కాగితం తీసింది. "ఆ గీత మా అత్తకి కనబడలేదు. నాకు ఎల్మ్‌బ్రూక్‌లోనే కనబడింది."

"హార్మోనియం అని తెలిసే వచ్చారా? ఎందుకు?"

"నన్ను చూడ్డానికి వచ్చినవాళ్ళంతా నా ఎత్తు చూసి పోయారు. మీరు ఒక చెక్కపెట్టె కోసం నేల ఎత్తు చేశారు. పెట్టెకే ఇంత చేసే మనిషి, మనిషికి ఏం చేస్తాడో చూసి పోదామనుకున్నాను. నచ్చకపోతే ఏదో ఊళ్ళో బడిపంతులమ్మ పని చూసుకునేదాన్ని."

"చూశారా మరి?"

"ఐదు వారాలుగా చూస్తున్నాను. అడగడం తప్ప అన్నీ చేశారు."

అప్పుడు అడిగాను. బండివాడు చప్పట్లు కొట్టాడు, మీసం అనవసరంగా పోయిందని మాత్రం ఇప్పటికీ అంటున్నాడు.

పెళ్ళిలో వాయిద్యం లేదు. కెజియాయే కీర్తన ఎత్తుకుంది. ఎంత పైన ఎత్తుకుందంటే రెండో చరణానికి పాస్టరు గారితో సహా అందరూ చేతులెత్తేశారు. చివరిదాకా పాడింది మేమిద్దరమే.

ఇట్లు,
మీ అల్లుడు,
అబ్నేర్

తా.క. ఇది కెజియా రాత. అత్తా, క్షమించు. చెప్పి ఉంటే పంపేదానివి కాదు. ఇక ఆ పాట సంగతి: మూడో చరణంలో ఈయన కూడా ఆగిపోయాడు. ఉత్తినే పెదవులు కదిపాడు. నేను చూశానని ఈయనకి తెలియదు, నువ్వూ రాయకు.