గడప మీద పెట్టిన కొడవలి

చెన్నకేశవా,

నువ్వు అడిగినదానికి జవాబు ఫోన్‌లో చెప్పేది కాదు. అందుకే ప్రొద్దుటూరు నుంచి ఈ ఉత్తరం.

"అక్కను నరికినోడు బెయిలు మీద ఉండాడు బావా. ఆరాధనకు బ్రహ్మంగారి మఠానికి ఒంటిగా వస్తాండాడంట. వాని మొగం నాకు తెల్దు, నువ్వు చూపిస్తే సాలు" అన్నావు. అందుకోసం కొత్త కొడవలి చేస్తున్నానని కూడా చెప్పావు.

ఆ రోజు మఠం నుంచి తిరిగి వస్తుంటే దువ్వూరు దాటాక మేమెక్కిన జీపును కొందరు ఆపారు. వాళ్లు వచ్చింది ముందు సీట్లోని వేరే మనిషి కోసం. మీ అక్క కళ్యాణి వద్దంటూ చేయి అడ్డం పెట్టింది. ముందు ఆ చేయి తెగింది, తర్వాత మెడ. ఆమె నెత్తురు నా నోట్లో పడింది.

నీకు చెప్పనిది ఒకటుంది. కోర్టులో ఆమెను నరికిన కొడవలిని నా ముందు పెట్టి గుర్తుపట్టమన్నారు. పిడి దగ్గర మీ కొలిమి శూలం గుర్తు ఉంది. ఏటా మీరు చేసే మొదటి కొడవలికే ఆ గుర్తు వేస్తారు, మఠంలో స్వామి గడప మీద పెట్టాకే అమ్ముతారు. గుర్తుపట్టానని చెప్పాను. ఎవరు చేశారో చెప్పలేదు.

దాన్ని కొంగులో చుట్టి తీసుకెళ్లి గడప మీద పెట్టింది మీ అక్కే. "మా తమ్ముని చేతి పని సామీ, దీని పదును పోగూడదు" అని మొక్కింది. పక్కనే ఉన్నాను, విన్నాను.

ఆరాధనకు వస్తాను. వాణ్ణి మాత్రం చూపించను. ఈసారి నువ్వు ఉత్త చేతులతో రా.

మీ బావ