సీలు విప్పని మైక్రోస్కోపు

బుధవారం. వనపర్తి శిక్షణ నుంచి వచ్చాక.

ప్రయోగాలు చేయిస్తూ సైన్సు ఎలా చెప్పాలో రోజంతా స్లైడ్లు వేసి చెప్పారు. చేతులు కట్టుకుని చూశాం. సాయంత్రం, గ్రాంటుతో కొన్న మైక్రోస్కోపు పెట్టెను ఒక్కొక్కరి చేతికిచ్చి ఫోటో తీసి, వెంటనే లాక్కున్నారు.

“జర విప్పి చూస్త సార్” అన్నాను.

శిక్షణ ఇచ్చే మహానుభావుడు అదిరిపడ్డాడు. “సీలు తీస్తరా ఏంది? రేపు నాగర్‌కర్నూలు సార్లు గీ పెట్టెతోనే ఫోటో దిగాలె!”

తోటి టీచర్లు బుద్ధిమంతుల్లా నవ్వారు. సర్టిఫికెట్లు ఇంకా చేతికి రాలేదు మరి.

నా ఫోటోను హెడ్మాస్టరు అప్పుడే తల్లిదండ్రుల గ్రూపులో పెట్టేశాడు. ఇందాక తొమ్మిదో తరగతి షబానా, వాళ్ల నాన్న ఫోన్ నుంచి మెసేజ్ పెట్టింది: “సార్, మనకు మైక్రోస్కోపు వచ్చిందా? రేపు మా బాయి నీళ్లు సీసాల పట్కొస్త.”

సీసా పట్టుకుని ఫోటో దిగు తల్లీ, అదే సైన్సు అనాలి కాబోలు…