అన్నయ్య అని చెప్పి వచ్చాను

విజయనగరం

పెద్దక్కకు రమణమ్మ నమస్కారాలు. నాన్న మోకాళ్ల నొప్పి తగ్గిందా? బావకీ పిల్లలకీ ఒంట్లో బాగుందా? ఇక్కడ మేమిద్దరం బాగానే ఉన్నాం. ఎండలు మండిపోతున్నాయి. టైలరింగ్ షాపులో పెళ్లిళ్ల జాకెట్లు గుట్టలుగా పడ్డాయి. వేళకు తింటున్నాను, బెంగ పెట్టుకోకు.

నా గర్భసంచిలో గడ్డకు ఆపరేషన్ చేయాలన్నారని ఫోన్లో చెప్పాను కదా. ఆరోగ్య కార్డు ఉంటే ఖర్చుండదట. దాని కోసం సూర్నారాయణా నేనూ మా వార్డు సచివాలయానికి వెళ్లాం. అతని విడాకుల కేసు తేలకే మా పెళ్లి ఆగిందని నీకొక్కదానికే తెలుసు. ఇంట్లో ఎవరెవరుంటారో చెప్పాలన్నారు. రాసుకునే అమ్మాయిని చూస్తే మన పాతపట్నంలో వెనకవీధి గౌరమ్మ కూతురు! నాన్న చెవిన పడిపోతుందని భయమేసింది.

"ఈయన నీకేటవుతాడక్కా?" అంది.

"మా పెదనాన్న కొడుకు. అన్నయ్య" అనేశాను.

బావ అన్నా ఇంత బాధ ఉండేది కాదక్కా. అతను పక్కనే నా మంచినీళ్ల సీసా పట్టుకుని నిలబడ్డాడు. ఇంటికొచ్చి చారు కాచి కంచం పెట్టాడు.

"తిను సెల్లీ" అన్నాడు.

నవ్వుతాడేమోనని చూశాను. నవ్వలేదు. నెత్తురు మరకల బట్టలు కూడా విసుక్కోకుండా ఉతికిపెడుతున్న మనిషిని తోడబుట్టినవాణ్ని చేశాను. సిగ్గుతో చచ్చిపోతున్నాను.

నిన్న ఒక్కదాన్నే మళ్లీ వెళ్లాను. "అన్నయ్య కాదమ్మా. మేం కలిసుంటన్నాం, పెళ్లి అవ్వలేదు" అన్నాను.

ఆ పిల్ల నా మొహంలోకి చూసి, "మీ నాన్నకి తెల్సా?" అంది.

"తెలుస్తాది."

పై అధికారిని అడగాలంది. కార్డు వస్తుందో రాదో, ఆపరేషన్ ఎప్పటికవుతుందో తెలియదు. ఆ పిల్ల ఈ వారం ఊరికొస్తుందట. ఈలోపే నాన్నకు ఇది నువ్వే చదివి వినిపించు. తిడితే నన్నే తిట్టనీ, నువ్వు మధ్యలో పడకు. తప్పు చేశానని నా తరఫున కాళ్లకు దండం పెట్టు, పిన్నినీ చిన్నాన్ననీ నేను అడిగానని చెప్పు.

నన్ను చూడ్డానికి వస్తావు కదూ? వస్తే గుమ్మంలోనే, నేను వినేలా, అతన్ని "మరిదీ" అని పిలువక్కా.

నీ చెల్లెలు
రమణమ్మ